షిగెనో టీచర్ పొడి తువ్వాలు

షిగెనో టీచర్‌కు అరవై ఒకటి నిండాయి. అందులో ముప్పై నాలుగేళ్లు ఉత్తర జపాన్‌లో, అకితాలోని ఆ చిన్నపిల్లల బడిలోనే గడిచాయి. అన్నేళ్లలో ఆవిడ ఒక్కసారైనా ముక్కు చీదలేదని ఊళ్లో చెప్పుకునేవారు. ఆ మాట పుట్టించింది కూడా ఆవిడే.

మంచు మోకాలిదాకా పడ్డా సరే, తొమ్మిదింటికల్లా పిల్లలంతా చొక్కాలు విప్పి ఆటస్థలంలో నిలబడాలి. ఆవిడ లెక్కపెడుతుంటే పొడి తువ్వాలుతో ఒళ్లు ఎర్రబడేదాకా రుద్దుకోవాలి. తర్వాత గోరువెచ్చని టీ నీళ్లు పుక్కిలించాలి. అంతటితో జలుబు గేటు దాటి లోపలికి రాదని ఆవిడ నమ్మకం. ఒక్కరోజూ బడి మానని పిల్లలకు మార్చిలో ప్రశంసాపత్రం ఇచ్చేది. "తువ్వాలుతో ఒళ్లు గట్టిపరుచుకున్నందుకు" అని కుంచెతో తనే రాసేది. ఆ కాగితం మీద మోజుతో తల్లులు కారే ముక్కుల్ని శుభ్రంగా తుడిచి మరీ బడికి పంపేవారు. ఆ సంగతి మాత్రం టీచర్ ఎన్నడూ పట్టించుకోలేదు.

ఈ ఏడు చిక్కొచ్చిపడింది. దక్షిణాన కగోషిమా నుంచి కొత్తగా వచ్చిన రిత్సుకోకు చలంటే హడలు. కూతురు చినాత్సుకు మూడు స్వెటర్లు తొడిగి, మాస్కు పెట్టి పంపింది. చొక్కా విప్పడానికి వీల్లేదంది.

"ఇది పిల్లా, పరుపు చుట్టా?" అంది షిగెనో.

"మీ పద్ధతి మీకుంది పెద్ద టీచర్ గారూ. మా పిల్లను మాత్రం మా పద్ధతిలో పెరగనివ్వండి."

"ఇలా పెంచితే ఫిబ్రవరికల్లా మంచానికి అతుక్కుపోతుంది. చూస్తూ ఉండు."

ఆ రోజు నుంచీ తువ్వాళ్ల వేళకు చినాత్సును దూరంగా, గేటు పక్కన ఒంటరిగా నిలబెట్టేది. రిత్సుకో ఊరుకుంటుందా? తల్లుల సంఘంలో మాట లేవనెత్తింది. ఫిబ్రవరి హాజరు చూసి తువ్వాళ్లు ఉంచాలో మాన్పించాలో తేల్చుకుందామన్నారు. షిగెనోకు ఒకటే దిగులు: తువ్వాలు పోతే తన ముప్పై నాలుగేళ్లూ దాంతోపాటే పోతాయి.

సరిగ్గా ఫిబ్రవరి మొదటి సోమవారం ఆవిడకు గొంతులో గరగర మొదలైంది. మర్నాటికి ముక్కు కారింది. జలుబు చేసినవాళ్లు మాస్కు పెట్టుకోవడం ఆ ఊరి మర్యాద. కానీ షిగెనో మాస్కు పెట్టుకుంటే ఊరంతా దండోరా వేసినట్టే. అందుకని ఇంట్లో జలుబు మందుగా కాల్చిన ఉల్లికాడ గుడ్డలో చుట్టి మెడకు కట్టుకునేది, బడికి బయల్దేరేముందు విప్పేసేది. మాస్కు లేకుండానే వచ్చి, పిల్లల వీపులు దగ్గరుండి రుద్దేది. లెక్క ఇంకాస్త గట్టిగా పెట్టేది.

"గొంతు బొంగురుపోయిందేంటండీ?" అంది చిన్న టీచర్ మకీ.

"అరిచీ అరిచీ. నువ్వెప్పుడైనా అరిస్తేగా నీకు తెలియడానికి."

శుక్రవారానికి ఏడుగురు రాలేదు. సోమవారానికి ఇరవై ఇద్దరు మంచమెక్కారు. మంగళవారం గేట్లోంచి మూడు స్వెటర్ల మూట ఒక్కటే నడిచొచ్చింది.

"ఇంకెవరూ రాలేదా టీచర్?"

"లేదమ్మా."

"అందరూ మంచానికి అతుక్కుపోయారా?"

జవాబివ్వబోతే షిగెనోకు తుమ్ములొచ్చాయి, వరసగా మూడు. చినాత్సు రెండడుగులు వెనక్కి వేసి, సంచిలోంచి ఒక మాస్కు తీసి చెయ్యి చాచింది.

"మా అమ్మ ఇచ్చింది. పోయిన వారం నుంచీ సంచిలోనే ఉంది. మీరు తుమ్మితేనే ఇవ్వమంది."

షిగెనోకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. చేసేదిలేక మాస్కు పెట్టుకుంది. తువ్వాళ్లన్నీ ఉతికి మడిచి తనే బీరువాలో పెట్టేసింది. ఇక తల్లులకు తేల్చడానికేమీ మిగల్లేదు.

మార్చిలో రాయాల్సిన ప్రశంసాపత్రం ఒక్కటే. కుంచె పట్టుకుంది. అలవాటైన వాక్యం రాయడానికి చెయ్యి రాలేదు. చివరికి చినాత్సు పేరు కింద, ముప్పై నాలుగేళ్లలో ఎన్నడూ రాయని మాట రాసింది: "టీచర్‌కు దూరంగా నిలబడినందుకు."