స్త్రీల ఆదివారానికి కొత్త మైకు వైరు

నర్సీపట్నంలో మా చర్చిలో ఏడాదికోసారి స్త్రీల ఆదివారం వస్తుంది. ఆ రోజు బైబిలు వాక్యం చెప్పేది స్త్రీల సమాజంలో ఒకరు. తొంభైల చివర్లో ఆ వంతు మా అమ్మకు వచ్చింది. ఎన్నేళ్ళుగానో ఆమె ఎదురుచూసిన రోజది. వారం ముందు మైకు ముందు నిలబెట్టి చదివించి చూశారు. స్పీకర్లోంచి జుయ్యిమని ఒకటే రొద. అమ్మ మాట అందులో మునిగిపోయింది.

"మీ యమ్మది సన్న గొంతురా బాబూ. ఆడోళ్ళ గొంతు ఈ మైకుకి పడదు. వాక్యం నాను సెప్పేస్తాన్లే," అన్నాడు సంఘపెద్ద.

నాకు ఒళ్ళు మండింది. ఆడలేక మద్దెల ఓడంటారు. ఇక్కడ మద్దెలే ఓడైతే తప్పు ఆడేవాళ్ళ మీద పెడుతున్నారు.

అప్పట్లో నేను ఇంటింటికీ కేబుల్ టీవీ కనెక్షన్లు ఇచ్చేవాణ్ణి. మైకు వైరు ఎటు పోయిందో చూసుకుంటూ వెళ్ళాను. క్రిస్మస్‌కు సున్నాలేసినప్పుడు, వైర్లు వేలాడితే మందిరానికి అందం కాదని మైకు వైరునూ ఫ్యాన్ల కరెంటు వైరునూ కలిపి ఒకే పట్టీ కింద బిగించేశారు. పైగా అది కాలింగ్ బెల్లుకు వాడే మామూలు వైరు. పక్కనున్న కరెంటు రొదనంతా అదే మోసుకొస్తోంది.

టీవీ కేబుల్ ముక్క ఒలిచి పెద్దాయనకు చూపించాను. "లోపలి తీగ చుట్టూ ఈ అల్లిక సూసారా? బయటి రొదని ఇదే ఆపుతాదండి. మైకుకీ ఇలాటి తొడుగున్న వైరే కావాల."

"మందిరం గోడకి మళ్ళీ మేకులు కొడతావేటి?"

కొడతానన్నాను.

అలా తొడుగున్న షీల్డు వైరు మా ఊళ్ళో దొరకలేదు. పాయకరావుపేట దాటి తుని వెళ్ళి తెచ్చాను. ఫ్యాన్లకు దూరంగా అవతలి గోడ మీదుగా వేసి, అల్లికను ఆంప్లిఫయర్ ఎర్తుకు కలిపాను. "నవ్వులపాలైపోతాన్రా," అంటున్న అమ్మను బతిమాలి ఒప్పించాను.

ఆదివారం అమ్మ కొంగు సర్దుకుని మైకు ముందు నిలబడింది. రొద లేదు. ఏ చప్పుడూ లేకపోయేసరికి ఆమెకు అనుమానం వచ్చింది. నా వైపు తిరిగి గుసగుసగా అడిగింది.

"ఒరే, మైకు సచ్చిపోనాదేటిరా?"

ఆ గుసగుస చివరి బెంచీ దాకా వినబడింది. చర్చంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. సంఘపెద్ద కూడా నవ్వాపుకోలేక, "బతికే ఉందమ్మా, సెప్పండి," అన్నాడు.

అమ్మ ఎంతసేపు చెప్పిందంటే, ఆ రోజు అందరికీ భోజనాలు ఆలస్యమయ్యాయి. ఒక్కరూ లేవలేదు.