పోతా అంటే సరిదిద్దొద్దు

కంబదూరులో బస్సు దిగేసరికి మధ్యాహ్నం రెండున్నర. మే నెల. నేల కాగుతాంది. గుట్టల మీద గాలిమరలు, ఒక్కటీ తిరగడం లేదు. వేరుశనగ చేలు ఎర్రగా, ఖాళీగా పడున్నాయి. నా సామాను: ఒక కిట్ బ్యాగు, ఒక ఫ్లెక్సీ, మార్కర్ పెన్నులు, నీళ్ళ సీసా. తుపాకి లేదు. అది లేకుండా నేను చేరిన మొదటి పోస్టింగ్ ఇదే.

ఆర్డరు చిన్నది. మండలంలో దినామూ పదిమంది మొహాలు చూసే మామూలు జనాన్ని ఏరుకోవాలి. చావు ఆలోచనలో ఉన్న మనిషిని గుర్తుపట్టడం, సూటిగా అడగడం, డాక్టరు దగ్గర చేర్చేదాకా ఒంటరిగా వదలకపోవడం నేర్పించాలి. పని ఇచ్చిన సంస్థవాళ్ళు నన్నే ఎందుకు పట్టుకున్నారంటే, సైన్యంలో ఉన్నప్పుడు పైన మంచు పోస్టులో మాకు ఇదే నేర్పించినారు. పక్క బంకరువాణ్ణి కనిపెట్టుకోమని. ఆడికి శత్రువు అప్పుడప్పుడు వచ్చేవాడు. దిగులు దినామూ వచ్చేది.

చేరేముందు సంస్థవాళ్ళతో బేరమాడినాను. పామిడిలో బట్టలంగడి కుటుంబం మాది. అడగంగానే ఒప్పుకుంటే నాకు అన్నం సయించదు. పొద్దంతా వాదించి ఒక పాత మోటారుసైకిలు సాధించినాను. దానికి కిక్కు పనిచేయదు. తోసుకుని ఎక్కాలి. గెలిచింది ఎవరో మీరే చెప్పండి.

ఈడ మా బంకరు అంటే, వాడకంలో లేని రేషన్ గోడౌను. రేకుల కప్పు. పొద్దున ఏడుకు మొదలుపెడితే, పది దాటినాక లోపల ఉండలేం. నా దళంలో ముగ్గురు గట్టివాళ్ళు తేలినారు: ఎరువులంగడామె, కళ్యాణదుర్గం బస్సు కండక్టరు, సెలూన్ ఆయన.

మొదటి రోజు కాగితం చూసి చదివినాను. "ఆత్మహత్య ఆలోచనలున్న వ్యక్తిని..."

కండక్టరు చెయ్యెత్తినాడు. "సార్, ఆ మాట పేపర్లో చూసినాం గానీ ఎవరి నోట్లోనూ యాడా వినలేదప్పా. అట్లా అడిగితే పరీక్ష పెడతాండారేమో అనుకుంటారు."

"మరి ఏమని అడుగుతారు?"

"చచ్చిపోవాలని అనిపిస్తాందా అని," అనింది ఎరువులంగడామె. అనేసి తనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అడిగితే లేని ఆలోచన పుట్టదా సార్?"

"పుట్టదమ్మా. ఉన్నదే బయటికొస్తాది. ఇన్నాళ్ళకు ఒకరు అడిగినారని మనిషి ఊపిరి తీసుకుంటాడు."

తరువాత రిహార్సలు. చావాలనుకున్న మనిషి వేషం నాది. సెలూన్ ఆయన ముందు నిలబడి, తల వంచుకుని, "అన్నా, పోతాండా" అన్నాను.

గోడౌను మొత్తం ఒక్క గొంతుతో లేచింది. "పోతా అనగూడదు! పోయొస్తా అను!"

"పోయొస్తా" అని చెప్పి బయటికి నడిచినాను. ఎండలో నిలబడి తలుపు వైపు చూస్తా ఉన్నాను. ఎవరూ రాలేదు. లోపల నవ్వులు. సార్ వేషం బాగా కట్టినాడని.

తిరిగొచ్చి చెప్పినాను. "నేను చచ్చిపోయినా."

నవ్వులు ఆగినాయి.

మా నాయనా అంతే. అంగడి గడప దగ్గర ఎవరన్నా పోతా అంటే గజంబద్ద అడ్డం పెట్టి, పోయొస్తా అనిపించి మరీ పంపేవాడు. మనిషి లోపలున్నదంతా ఒక్క మాటలో బయట పెడతాడు. మనం ఆ మాటను తుడిచేసి, మంచి మాట ఒకటి చేతిలో పెట్టి సాగనంపుతాం.

ఆ పొద్దు నుంచి మాకు ఒకటే స్టాండింగ్ ఆర్డరు. పోతా అంటే సరిదిద్దొద్దు. కూర్చోబెట్టు. అడుగు.

ఆగస్టు వచ్చింది. గాలిమరలు పగలంతా తిరుగుతాండాయి, వాన మాత్రం లేదు. నేను పక్క పల్లెలో ఉన్నాను. పదకొండుకు ఫోను. కండక్టరు.

"సార్, పాయింటాయన."

అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేలో నడిచి, అది లేచి నిలబడిన చోట బోరు వేయమని చెప్పే పెద్దాయన. మండలమంతా ఎరిగిన మనిషి.

"ఏమైంది?"

"బస్సు దిగతా టెంకాయ నా చేతిలో పెట్టినాడు. 'పచ్చడి చేసుకోప్పా, నాకింక దీంతో పని లేదు, పోతాండా' అన్యాడు. పోయొస్తా అనమని నోటిదాకా వచ్చింది సార్. మింగేసినా."

"ఇప్పుడు యాడ?"

"అంగడామె స్టూలు మీద కూర్చోబెట్టినాం. బస్సు ఆపేసినా. జనం తిడతాండారు. తిట్టనీ."

"నేను వచ్చేదాకా వదలొద్దండి."

"ఆ బండి మీద నువ్వొచ్చేదాకానా? మేం చూసుకుంటాంలే."

తోసుకుని ఎక్కి, పోయినాను. అంగడి షట్టరు సగం దించి ఉంది. ఆమె కౌంటరు వదిలి, ఆయనకెదురుగా ఎరువు మూట మీద కూర్చుని ఉంది. నేను చేరంగానే మొదలుపెట్టినాను. "పెద్దాయనా, నీ మాట మీద ఎన్ని చేలు పచ్చబడలేదు! నీ అంత అనుభవం ఎవరికుంది! మనవరాళ్ళను తలుచుకో..."

ఆమె నా బూటు తొక్కింది. గట్టిగా. "సార్, సరుకు అమ్మతాండావు. ఊరకుండు."

నిజమే. ఆయన వద్దంటున్న సరుకును నేను పొగిడి అంటగట్టాలని చూస్తాండాను. కూర్చున్నాను.

"మామా, సూటిగా అడుగుతాండా," అనింది ఆమె. "చచ్చిపోవాలని అనుకుంటాండావా?"

ఆయన తన ఖాళీ అరచేయి చూసుకుంటాండాడు.

"ఊ."

"ఈ పొద్దేనా?"

"ఊ."

ఆమె ఏడవలేదు. అట్లా అనగూడదు అనలేదు. "చెప్పు మామా" అనింది. అంతే.

చెప్పినాడు. ఈ ఏడు ఆయన చూపించిన చోటల్లా బోరులో దుమ్మే లేచింది. చివరిది కన్న కూతురి చేలో.

"బోరు బండి పోయినంక ఆ పాప నన్నేమీ అనలేదు. తిట్టింటే బాగుండు. ఉలుకూ పలుకూ లేకుండా అన్నం పెట్టింది. టెంకాయ ఇప్పటికీ లేస్తాది తల్లీ. నీళ్ళే ల్యావు."

నా నోట్లో పది సమాధానాలు తిరిగినాయి. బూటు చూసుకుని మింగేసినాను.

తరువాత పనులు చకచకా జరిగినాయి. సెలూన్ ఆయన పెద్దాయన్ను అడిగి, పెద్దాయన ఇంటికే పోయి, ప్రాణానికి ప్రమాదమైనవి తెచ్చి అంగడి బీరువాలో పెట్టినాడు. ఆమె తాళం వేసింది. కండక్టరు ఆపి పెట్టుకున్న ఆ బస్సులోనే ఆయన్ను కళ్యాణదుర్గం ఆసుపత్రికి తీసుకుపోయినాం. ఒకవైపు ఆమె, ఒకవైపు నేను. తిట్టిన జనమే జరిగి చోటిచ్చినారు. కబురందుకుని డాక్టరు దగ్గరికి కూతురు పరిగెత్తుకుంటా వచ్చింది.

"నాయనా, కోపంతో కాదు. ఏమనాలో తెలీక అనలేదు."

ఒక్క రోజులో నయం కాలేదు. మందులు మింగినాడు, డాక్టరు దగ్గరికి మళ్ళీ మళ్ళీ పోయినాడు. చెడ్డ పొద్దులు వచ్చినాయి. వచ్చినప్పుడల్లా అంగడి ముందర స్టూలు ఉండేది. తరువాతి బ్యాచిలో ఆయనే ముందు వరసలో కూర్చుని నేర్చుకున్నాడు.

డిసెంబరులో నా డ్యూటీ అయిపోయింది. పొద్దున ఆరు యాభై బస్సు. చలి. సాగనంపడానికి దళమంతా వచ్చింది. ఫుట్‌బోర్డు మీద నిలబడి, "సరే, పోతాండా" అనేసి లోపల సీట్లో కూర్చున్నాను.

ఎవరూ సరిదిద్దలేదు. పాయింటాయన గుంపులోంచి వచ్చి, బస్సెక్కి, నా పక్కన కూర్చున్నాడు.

"ఏమప్పా, పోతా అంటివి. మనసులో ఏముండాది?"

"నోరు జారింది పెద్దాయనా."

"బేరాలు నాకాడొద్దు. చచ్చిపోవాలని అనిపిస్తాందా?"

బస్సులో అందరూ మా వైపే చూస్తాండారు. కండక్టరు విజిల్ నోట్లో పెట్టుకుని ఊదడం లేదు.

"లేదు. మిమ్మల్ని వదిలి పోవాలంటే కష్టంగా ఉండాది."

"ఆ. అట్లా చెప్పు."

అయినా దిగలేదు. తరువాతి స్టాపు దాకా నా పక్కనే వచ్చినాడు.

ఇప్పుడు పామిడిలో నాయన అంగడి నాది. గజంబద్దతో బట్ట కొలుస్తాంటాను. కొలత మధ్యలో ఆ తరువాతి స్టాపు కాడి రోడ్డు కండ్లముందుకొస్తాది. చేల నడుమ ఎవరూ లేని రోడ్డు. మెల్లగా తిరిగే గాలిమరలు. బస్సు దిగి, నా కిటికీ కిందికొచ్చి, ఖాళీ అరచేయి పైకెత్తి పెద్దాయన అంటాండాడు:

"పోయొస్తా."