నల్లాకు కట్టిన గుడ్డ

ఆ రోజు నేను ఒక అంకెను పదితో గుణించాను. యంత్రం అప్పటికే గుణించి ఉందని చూసుకోలేదు.

శంషాబాద్‌లో నీళ్లు పరీక్షించే చిన్న ల్యాబ్‌లో నా పని. నీటిని పదింతలు పలచన చేసి యంత్రానికి ఇస్తాం కాబట్టి, వచ్చిన ఫలితాన్ని పదితో గుణించాలి. ఆ పని యంత్రమే చేస్తుంది. నేనూ చేశాను. మంఖాల్‌లో ఒక రైతు ఇంటి బోరు నీటిలో వంద కోట్ల పాళ్లకు మూడు పాళ్లున్న సీసం, ముప్పై అయింది. పది దాటితే తాగకూడదు. పొద్దున్నే సంతకం పెట్టి పంపాను.

మధ్యాహ్నం ఆ ఇంటావిడ ఫోన్ చేసింది. ఆ బోరుకు ఆమె గోడ బయట పెట్టించిన నల్లా దగ్గరే వాడంతా నీళ్లు పట్టుకుంటుంది.

"సారూ, నల్లాకు గుడ్డ కట్టిన్రు. ఇన్నేండ్లు విషం తాపినవని మా తోడికోడలు మాట్లాడుడు బంద్ చేసింది. జర మల్ల చూడు."

"నీళ్లు పట్టిచ్చిన బాటిల్ సరిగా కడిగి ఉండరమ్మా," అన్నాను.

"బాటిల్ నువ్వే ఇచ్చినవ్ గద."

నిజమే. కడిగిందీ నేనే. లెక్క తెరిస్తే తప్పు రెండు నిమిషాల్లో దొరికింది. ఆమెను అనుమానించడానికి ఆ రెండు నిమిషాలు కూడా పట్టలేదు నాకు. ఆ రోజు పంపిన మిగతా కాగితాలన్నీ తిరగేశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

సరిచేసిన కాగితం వాట్సాప్‌లో పంపితే చాలనుకున్నాను. తోడికోడలి సంగతి గుర్తొచ్చి బండి తీశాను.

సాయంత్రం నల్లా దగ్గర పదిమంది దాకా ఉన్నారు. ఇంటావిడ కాగితం చూసింది.

"మూడేనా? మరి గా సున్న యాడికెళ్లి వచ్చింది?"

"నా చేతి నుంచి."

"మా మనుమడు గిట్ల చేస్తే వాళ్ల సారు బెంచీ ఎక్కిస్తడు."

అక్కడ బెంచీ లేదు. నల్లా గద్దె ఎక్కాను. తప్పు నాదని చెబుతుండగా నెత్తి మీదుగా విమానం దిగింది. అది పోయేదాకా ఆగి, మళ్లీ మొదటి నుంచి చెప్పాను.

"అయితే గుడ్డ ఇప్పి తాగు," అంది తోడికోడలు.

ముడి గట్టిగా ఉంది, పళ్లతో విప్పాను. ఒక గ్లాసు తాగాను. దానితో ఏదీ రుజువు కాదని నాకు తెలుసు. ఆమెకూ తెలిసినట్టుంది, రెండోది నింపింది. అదీ తాగాను.

ఆమె తన బిందె తెచ్చి నల్లా కింద పెట్టింది. నిండాక ఎత్తి ఆమె చంకకు అందించాను.