రోలర్ లాగినవాళ్లే ఆడిన మ్యాచ్

స్టేజీ లారీ ఇనుప కాళ్లు దిగబడిన చోట మా పిచ్‌లో నాలుగు గుంటలు పడ్డాయి. గుంటల్లో వాననీళ్లు, నీళ్ల మీద డీజిల్ తెట్టు, తెట్టు మీద ముందురోజు రాత్రి గాల్లోకి చిమ్మిన మెరుపు కాగితాలు. చుట్టూ కోడి ఎముకలు, ప్లాస్టిక్ గ్లాసులు, ఎవరో ఉమ్మిన చూయింగ్ గమ్. నేను మట్టి పరీక్షలు చేసే ఇంజినీర్‌ని. పోర్ట్ క్లాంగ్ రేవులో కంటైనర్లు పేర్చే యార్డుల కింద నేల ఎంత బరువు మోయగలదో కొలిచి చెప్పడం నా పని. చెడిపోయిన నేలలు చాలా చూశాను. మోకాళ్ల మీద కూర్చుని చేత్తో ఆ చెత్త ఏరింది మాత్రం ఆ ఆదివారం పొద్దునే.

మా గ్రౌండ్ బటాంగ్ బెర్జుంటై దగ్గర, పామాయిల్ తోటల మధ్య ఉంటుంది. అక్కడ లీగు మొదలైంది ఆ ముందురోజు సాయంత్రం. పది ఓవర్ల ఆట, కొనుక్కున్న జట్లు. ఆ ఊరికి దక్కిన జట్టుకు పెట్టిన పేరు ఒక జంతువుది. ఆ జంతువు ఈ దేశపు అడవుల్లోనే లేదు. సిక్సర్ పడితే స్టేజీ మీంచి మంట లేస్తుంది. మూడో ఓవర్ తర్వాత ప్రకటన కోసం ఆట ఆగుతుంది. వాళ్ల ఆటకు మా మట్టి పిచ్ అక్కర్లేదు. పక్కన ప్లాస్టిక్ గడ్డి పట్టీ పరుచుకున్నారు. ఎండలో అది కాలిన టైరు వాసన కొడుతుంది.

ఆ జట్టు వ్యవహారాలు చూసేది మా పెదనాన్న కొడుకే. కౌలాలంపూర్‌లో పుట్టి పెరిగినవాడు, ప్రచారాల కంపెనీలో ఉద్యోగి. మాట చివర ఇక్కడి మలయ్‌వాళ్లలా ‘లా’ తగిలిస్తాడు. ఫోన్ చేస్తే వెంటనే వచ్చాడు. వచ్చి గుంటలు చూసి, బూటుకు బురద అంటకుండా వెనక్కి జరిగాడు.

“ఏటయింది తమ్ముడా? మొన్న రాత్రి వానకి గ్రౌండంతా బురద, లా. గట్టిగున్న జాగా ఇదొక్కటే. స్టేజీ వోళ్లు అడిగితే నేనే చూపించినాను.”

“ఇది పిచ్ అన్నయ్యా.”

“పిచ్ అదిగో కదా, పచ్చది?” అని ప్లాస్టిక్ గడ్డి చూపించాడు.

అబద్ధమాడటం లేదు. అతనికి నిజంగానే తెలియదు. ఆ గ్రౌండ్‌లో ఆ ఒక్క జాగా ఎందుకు గట్టిగా ఉందో, తరాలుగా ఎవరు గట్టిపరిచారో ఒక్కసారైనా ఆలోచించి ఉంటే అక్కడ లారీ పెట్టించేవాడు కాదు.

మా బావ, అంటే మా అక్క మొగుడు, మా క్లబ్బు కెప్టెన్. పోర్టులో లారీ నడుపుతాడు. ఎడమచేత్తో స్పిన్ వేస్తాడు. అప్పటిదాకా గుంట పక్కన గొంతుక్కూర్చున్నవాడు లేచి అన్నయ్య వైపు తిరిగాడు. వాళ్లిద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు.

“బావా, మీ ఇంట్లో దేవుడి గది నేల గట్టిగున్నాదేటి?”

“పాలరాయి కదా బావా. గట్టిదే. ఏం?”

“రేపు నా లారీ తెచ్చి అందులో ఎట్టేత్తాను.”

అన్నయ్య నవ్వాడు. “కోపమెందుకు లా! సిమెంట్ పోయించేస్తాను. ఒక్క రోజు పని. ఇంక జన్మలో పాడవదు.”

ఆ మాటతో బావ మొహం మాడిపోయింది. సిమెంట్ మీద బంతి తిరగదు. రెండో రోజుకి పిచ్ పగలదు, పొడి లేవదు, ఏ మార్పూ ఉండదు. అయినా మా అసలు గొడవ అంతకంటే దగ్గర్లో ఉంది. వచ్చే శని, ఆదివారాల్లో అదే పిచ్ మీద మా జిల్లా రెండు రోజుల మ్యాచ్. జిల్లా క్రికెట్ సంఘం నియమం ప్రకారం ఒక్క మ్యాచ్ వదులుకున్నా మా క్లబ్బు పోటీలోంచి పోతుంది. మేం పోతే మిగిలిన క్లబ్బులతో పోటీ నడపలేమని సంఘం వాళ్లు ముందే అనేశారు. రెండు రోజుల ఆట మూసేయడానికి వాళ్లకొక సాకు కావాలి. ఆ సాకు మేం కాకూడదు. అదొక్కటే బావ పంతం. నాదీ అదే.

ఇక్కడ మా క్లబ్బు ఆచారం ఒకటి చెప్పాలి. రోలర్ లాగనివాడికి మ్యాచ్‌లో చోటు లేదు. ఎంత గొప్ప బ్యాటరైనా సరే, ఆ వారం ఒక్క సాయంత్రమైనా రోలర్ కర్ర పట్టుకోవాలి. తోట తెల్లదొరలదిగా ఉన్న రోజుల్లో శ్రీకాకుళం వైపునుంచి వచ్చిన మా ముత్తాతలు ఆ ఇనుప రోలర్ లాగేవారు. ఆడేది దొరలు. లాగినవాళ్లు బంతి తెచ్చివ్వాలే తప్ప బ్యాటు ముట్టకూడదు. దొరలు వెళ్లిపోయి గ్రౌండ్ కూలీల చేతికొచ్చాక మావాళ్లు మొట్టమొదట పెట్టుకున్న నియమం ఇది. ఎక్కడా రాసి లేదు. ఎవరూ తప్పలేదు.

నేను గుంటల్లో మట్టి తీసి చూశాను. డీజిల్ దిగినంత లోతూ తవ్వి పారేయాలి. ఏటి ఒడ్డు నల్లమట్టి తెచ్చి పొరలు పొరలుగా నింపాలి. ప్రతి పొరనూ తడిపి, దిమ్మిసతో కొట్టి, ఆరనిచ్చి, పైన రోలర్ నడపాలి. సరిగ్గా చేయాలంటే నెల పట్టే పని. మాకున్నది వారం. అతుకు వేయగలం అంతే, ఆడటానికి పనికొస్తుంది అని బావకు చెప్పాను.

మొత్తం పదకొండు మందికీ కబురు పెట్టాం. ఐదుగురం వచ్చాం. బావ, నేను, మిల్లు ఫిట్టరు, ఒక పోర్టు గార్డు, వికెట్ కీపింగ్ చేసే బడి పంతులు. మిగతా ఆరుగురినీ ఆ సీజన్‌లో లీగు జట్టు తీసుకుంది. గురువారం సాయంత్రం వాళ్లూ వచ్చారు. లీగు ప్రాక్టీసుకి. ప్లాస్టిక్ పట్టీ మీద సిక్సర్లు కొడుతున్నారు. పక్కనే మేం మట్టి మోస్తున్నాం. వాళ్లు కొట్టిన బంతి ఒకటి మా తడిమట్టిలో పడితే, అందులో ఒకడు చెప్పులతో నడిచొచ్చి తీసుకుపోయాడు. అడుగుల ముద్రలు పడ్డాయి. వెనక్కి కూడా చూడలేదు.

మా ఓపెనర్ మాత్రం దగ్గరకొచ్చాడు. కుర్రాడు మంచి ఆటగాడు, బావ చేతిలో తయారైనవాడు.

“అన్నా, శనివారం మేవంతా వత్తాం. రోలర్ మాత్రం ఒద్దన్నా. నడుం పడితే సంతకం పోద్ది. బరువు పని సెయ్యకూడదని కాంట్రాక్ట్‌లోనే ఉన్నాది.”

“మరి బేటింగు బరువు పని కాదేటి?”

“మన మేచ్‌లో ఎంతసేపుంటాను లే అన్నా! నాలుగు కొడతాను, వచ్చెత్తాను.”

బావ తడిమట్టి చేతిని లుంగీకి తుడుచుకున్నాడు. “నువ్వు నాలుగు కొట్టి వచ్చెత్తావని నేను పిచ్ సేత్తన్నానా? ఎల్లరా, ఎల్లు. అక్కడ నీకోసం మంటలు ఆరిపోతన్నాయి.”

వాడికి కోపం రాలేదు. నవ్వాడు. ఆ నవ్వు చూస్తే నాకు రోత పుట్టింది. తిట్టు తగలడానికి కూడా లోపల ఏదో ఉండాలి.

శనివారం ఆరుగురూ నిజంగానే వచ్చారు. తెల్లబట్టలే వేసుకున్నారుగానీ నెత్తిన జంతువు బొమ్మ టోపీలు. అన్నయ్య పంపిన టోపీలట, ఫొటోల్లో కనబడాలట. ఇప్పుడు అంతా బావ చేతిలో ఉంది. ఆచారం వదిలి ఆరుగురి పేర్లూ రాస్తే పదకొండు మంది జట్టు, మామూలు మ్యాచ్. రాయకపోతే ఐదుగురు. అవతలి కెప్టెన్ ఒప్పుకోకపోతే మ్యాచ్ పోతుంది, క్లబ్బూ పోతుంది.

బావ నన్ను పక్కకి పిలిచాడు. “ఏటంటావురా బామ్మర్దీ?”

నేను లెక్క చెప్పాను. ఒక బౌలర్, ఒక కీపర్, ఫీల్డింగ్‌కి ముగ్గురు. గెలవడమనే మాటే లేదు. నాలుగు వికెట్లు పడితే ఆలౌట్. నిలబడటం కూడా కష్టం.

“అది నాకూ తెలుసు. ఆల్లని ఆడించాలా ఒద్దా, అది సెప్పు.”

“వద్దు బావా.”

బావ ఐదు పేర్లే ఇచ్చాడు. మిగతావాళ్ల సంగతేమిటని అంపైర్ అడిగితే, “ఆల్లు సూడ్డానికొచ్చినారు” అన్నాడు. అవతలి కెప్టెన్ కౌలా సెలంగోర్‌నుంచి వచ్చిన తమిళ పెద్దాయన. మొదట హాస్యమనుకున్నాడు. తర్వాత పిచ్ దగ్గరికి వెళ్లి, నాలుగు అతుకులూ బొటనవేలితో నొక్కి చూసి, తిరిగొచ్చాడు. “మచ్చాన్, టాస్ వేయి” అని బావను తమిళంలో వరస కలిపి ఒక్క మాట అన్నాడు.

ఆ రోజంతా మేం పరుగెత్తాం. బంతి ఎటు పోయినా అక్కడ ఎవరూ లేరు. బావ ఒక చివరనుంచి ఆపకుండా వేశాడు, రెండో చివర మేం వంతులు వేసుకున్నాం. కొత్త మట్టి మీద పడ్డ బంతి తిరిగింది. ముగ్గురిని బౌల్డ్ చేశాడు, ఎవరి సాయమూ లేకుండా వచ్చేవి ఆ వికెట్లే. పెద్దాయన టీ వేళకి డిక్లేర్ చేశాడు. దయ కాదు. సాయంత్రపు వెలుగులో మమ్మల్ని పడగొట్టాలని. చాలాకాలానికి నాకు నచ్చిన విషయం అదొక్కటే. మమ్మల్ని జట్టుగా చూశాడు. వెలుగు తగ్గి ఆట ఆగేసరికి ఫిట్టరు, పంతులు అవుటయ్యారు. నేనూ బావా మిగిలాం. గార్డు ఇంకా రావాలి. ఆదివారమంతా ఆలౌట్ కాకుండా నిలబడితే డ్రా.

మా ఆరుగురూ రోజంతా తాటాకు పందిరి కింద కూర్చుని ఫోన్లతో మమ్మల్ని తీస్తూనే ఉన్నారు. పంతులు బంతి వెనక పరుగెత్తి బోర్లా పడ్డది, గార్డు రొప్పుతూ నడుం పట్టుకున్నది, బావ తను వేసిన బంతి వెనక తనే బౌండరీ దాకా పోయింది. అన్నీ అతికించి, వెనక పగలబడి నవ్వే చప్పుడు పెట్టి లీగు పేజీలో వదిలారు. ఇంటికెళ్లాక అక్క చూపించింది. బావ ఒకసారి చూశాడు. ఫోన్ తిరిగిచ్చేసి అన్నం తిన్నాడు.

ఆదివారం ఆట మొదలయ్యేసరికి అన్నయ్య ఒక కెమెరావాణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. బౌండరీ లోపలికే వచ్చేశాడు.

“బావా! తమ్ముడా! రాత్రి ఫోన్ ఆగలేదు లా! లీగులో ఇంకే వీడియో ఇంత దూరం పోలేదు. మా పైవాళ్లే అడుగుతున్నారు. ఐదుగురి ఆట! ఐదుగురు, ఐదు ఓవర్లు, రాత్రి లైట్లు. వచ్చే సీజన్‌కి కొత్త ఫార్మాట్. ఐడియా మీదే కదా, మీకే మొదటి జట్టు. బోలే? సరేనా?”

వీళ్లు చెడగొడతారని, మూసేస్తారని భయపడ్డాను. ఇలా నాలుకతో నాకి రుచి చూసి, బాగుంది, అమ్ముకుందాం అంటారని ఊహించలేదు. ఒంటి మీద ఏదో జిగట పాకినట్టయింది.

బావ గ్లవ్స్ బిగించుకుంటున్నాడు. బౌలర్ అప్పటికే పరుగు మొదలుపెట్టే చోట నిలబడ్డాడు. అతని వెనక, బంతి కనబడాలని నిలిపే తెల్ల తెర ముందుకు పోయి మా అన్నయ్య చేతులూపుతూ ఇంకా మాట్లాడుతున్నాడు.

“బావా,” అని మా బావ గొంతెత్తాడు, “తెరకి అడ్డంగా ఉన్నావు. జరుగు.”

అన్నయ్య జరిగాడు. కెమెరావాణ్ణి కూడా జరిపాడు. బౌలర్ వచ్చి వేశాడు. బావ ముందుకాలు చాచి, బంతిని బూటు పక్కనే చంపేసి, బ్యాటు ఆనించి నిలబడ్డాడు.

“కొట్టలేదేటి?” అని అన్నయ్య ఎవరినో అడగడం నేను నిలబడ్డ చివరిదాకా వినిపించింది.