చైనా శాసనం మీద మార్కాపురం వేలు

ఇది చదివాక నామీద మీకున్న కాస్త గౌరవం కూడా పోతుంది. ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను అనొద్దు. ఎండిన బోరుగుంతలో చెప్పు జారవిడిచి, దానికోసం తల దూర్చినవాణ్ణి చూశాను. ఎదురింటి పెళ్లికి వెళ్లబోయి పక్కింటి కర్మకాండలో భోంచేసి వచ్చినవాణ్ణి చూశాను. కానీ వేలి కణుపుతో రెండు దెబ్బలు కొట్టి రెండు దేశాలను ఇబ్బందిపెట్టిన మహానుభావుణ్ణి మాత్రం అద్దంలోనే చూశాను.

నా చిన్ననాటి స్నేహితుడు మస్తాన్ భాయ్‌కి మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీ ఉంది. పిల్లలు రాసుకునే పలకలకు కాలం చెల్లాక, గోడలకు అతికించే, నేల మీద పరిచే రంగురాళ్లే అతనికి దిక్కు. కొన్నేళ్ల కిందట అవి కూడా కదలడం మానేశాయి. మిషన్లు ఆగిపోయాయి, పనివాళ్లు ఒక్కొక్కరే హైదరాబాదు బస్సెక్కుతున్నారు. సరిగ్గా అప్పుడు చైనాలోని షియాన్ నగరం నుంచి వాంగ్ గారనే ఆవిడ కబురు పంపింది. తాను కట్టే హోటలు వాకిట్లో పరచడానికి మా తుప్పురంగు రాయి కావాలట. నమూనా తీసుకొచ్చి చూపిస్తే నిర్ణయిస్తానంది. ఆర్డరు వస్తే ఫ్యాక్టరీ నిలబడుతుంది, రాకపోతే గేటుకు తాళమే.

నన్నెందుకు వెంటబెట్టుకెళ్లాడంటారా? రాయిని చూసి దాని గుణం చెప్పగలనని నాకు ఊళ్లో పేరుంది. ఆ పేరు ప్రచారం చేసుకున్నది నేనే అనుకోండి, అది వేరే విషయం.

మా ఊళ్లో రాయిని ఎవరూ ఊరికే చూడరు. వేలి కణుపుతో కొడతారు. ఖంగుమంటే మంచిది, బొద్దుమంటే లోపల పగులు. ఆ తర్వాత వేలు నాలుకకు అద్ది రాతి మీద రుద్దుతారు, తడిస్తేగాని అసలు రంగు బయటపడదు. పెళ్లిచూపులకు వెళ్లినప్పుడు అమ్మాయిని చూడకముందే వాళ్ల గడపరాయిని కొట్టి చూసిన వంశం మాది. ఆ సంబంధం ఎందుకు తప్పిందో ఇప్పటికీ మా నాయనకు అర్థం కాలేదు.

షియాన్‌లో దిగిన మొదటి రోజే నాకు విసుగు మొదలైంది. టీ అడిగితే ఆకు ఉడికిన వేడినీళ్లు ఇచ్చారు. నీళ్లు అడిగితే ఆకు తీసేసి అవే ఇచ్చారు. ఊరి చుట్టూ పాతకాలపు కోటగోడ ఉంది. అది మా గిద్దలూరు రోడ్డుకన్నా వెడల్పు, పైగా గుంతల్లేవు. జనం దానిమీద సైకిళ్లు తొక్కుతున్నారు. గోడ కింద కందకం నిండా నీళ్లు. శత్రువు రాకుండా అలా నింపేవారట. మా పుల్లలచెరువు వైపు అన్ని నీళ్లు కనిపిస్తే శత్రువులు బిందెలతో సహా వచ్చేవారు.

వాంగ్ గారు ఫోనులోకి తన భాషలో చెబితే అది తెలుగులో, రేడియో వార్తల గొంతుతో, మాకు వినిపించేది. మస్తాన్ భాయ్ కోసం ఆవిడ మమ్మల్ని ముస్లింల వీధికి తీసుకెళ్లింది. అతను సలాం చెబితే సలాం తిరిగొచ్చింది, మొహం వెలిగిపోయింది. అక్కడొక హోటల్లో కూర్చోగానే ఒక గట్టి రొట్టె, ఒక ఖాళీ గిన్నె నా ముందు పెట్టి వెళ్లిపోయారు. ఆకలి మీదున్నాను, రొట్టె తినేశాను. తీరా చూస్తే దాన్ని శనగగింజలంత ముక్కలుగా తుంచి గిన్నెలో వేసి ఇవ్వాలట, వాళ్లు దానిమీద మాంసం పులుసు పోసి తెస్తారట. పక్కన మస్తాన్ భాయ్ గిన్నెలోంచి మా రాచర్ల పొట్టేలు కూరను మరిపించే వాసన. నా గిన్నెలో గాలి. గిరాకీ చేతనే వంట పని చేయించే హోటలు మీరెక్కడైనా చూశారా?

ఇదంతా ఉపోద్ఘాతం. అసలు ముప్పు మర్నాడు వాంగ్ గారు చూపించడానికి తీసుకెళ్లిన పాత శాసనాల మ్యూజియంలో కాచుకుని ఉంది.

లోపల అడుగుపెడితే ఎటు చూసినా రాళ్లే. మనిషికి రెండింతల ఎత్తున, నల్లగా నిగనిగలాడుతూ, ఒంటినిండా అక్షరాలతో. లడ్డూల కొట్లో చక్కెర జబ్బు మనిషిని నిలబెట్టినట్టయింది నా పని.

మస్తాన్ భాయ్ నా మొహం చూసి కనిపెట్టాడు. "మామా, చేతులు జేబులో పెట్టుకో. ఇవి అమ్మేటియి కావు."

"నాకు తెలీదా ఏంది. ఊరికే చూస్తా" అన్నాను.

నిజంగా చూద్దామనే అనుకున్నాను. కానీ అడ్డంగా కట్టిన తాడుకు అవతల ఒక రాయి నన్నే పిలిచినట్టు నిలబడింది. బుద్ధి కర్మానుసారిణి అంటారు. నా బుద్ధి మాత్రం ఎప్పుడూ వేలి వెనకే నడిచింది. వంగి, తాడు మీదుగా చెయ్యి చాపి, కణుపుతో ఒక్కటి కొట్టాను. బొద్దుమంది. అరె, అనుకుని మళ్లీ కొట్టాను. ఆ తర్వాత, నన్ను క్షమించండి, వేలు నాలుకకు అద్ది వెయ్యేళ్ల శాసనం మీద రుద్దాను.

మా రథోత్సవం నాటి మైకులన్నీ ఒకేసారి కూసినట్టు అలారం మోగింది. ఎక్కడినుంచి వచ్చారో గార్డులు చుట్టుముట్టి మమ్మల్ని ఒక గదిలోకి తీసుకెళ్లారు. వాళ్లలో పెద్దాయన ఎందుకు కొట్టావని వాంగ్ గారి ఫోనులో అడిగాడు. లోపల పగులుందేమోనని, మీ మంచికేనని చెప్పాను. ఆయన ఫోను వైపు చూశాడు, నా వైపు చూశాడు, మళ్లీ ఫోను వైపు చూశాడు. చివరికి ఒక్క ప్రశ్న వేశాడు.

"మరి నాలుక ఎందుకు?"

రంగు తెలియడానికి అన్నాను.

మస్తాన్ భాయ్ కళ్లు మూసుకున్నాడు. "కొట్టినావు సరే. నాకినావు కూడానా మామా?"

"రాయిని నాకలే. వేలు నాకినా. ఆ వేలితో రాయి రుద్దినా."

"ఆ తేడా ఏందో ఆయనకు చెప్పు."

వాంగ్ గారు తలవంచి అందరికీ పేరుపేరునా క్షమాపణ చెప్పి మమ్మల్ని విడిపించింది. బస దగ్గర కారు దిగాక మస్తాన్ భాయ్ నెమ్మదిగా అన్నాడు. "షెడ్డులో పనోళ్లకు ఏం చెప్పాల? రాయి బాగుంది, మా మామ వేలే బాగలేదని చెప్పాల్నా?"

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంట ఓడి, ఆ ఓటమిని విమానంలో మోసుకెళ్లి అక్కడ ఆరబెట్టుకున్నాను.

మర్నాడు వీడ్కోలు చెప్పడానికే ఆవిడ ఆఫీసుకు వెళ్లాం. బల్ల మీద రెండు రాళ్లున్నాయి, ఒకటి మాది, ఇంకొకటి వేరే వ్యాపారిది. వాంగ్ గారు నావైపు ఫోను తిప్పింది. "నిన్న మ్యూజియంలో మీరు చేసిన పనిని దయచేసి మరల చేయండి" అంది ఆ వార్తల గొంతు.

నేను మస్తాన్ భాయ్ వైపు చూశాను.

"నాలుక వద్దు" అన్నాడు.

అవతలి రాయిని మూల పట్టుకుని వేలాడదీసి కొట్టాను. బొద్దుమంది. మాది కొట్టాను. ఖంగుమని గదంతా మోగింది. ఆవిడ తానూ కొట్టి చూసింది, చిన్నపిల్లలా నవ్వింది, మళ్లీ కొట్టింది. ఆర్డరు మీదే అంది. మస్తాన్ భాయ్ కళ్లు తుడుచుకున్నాడు. నా ఛాతీ వాళ్ల కోటగోడంత అయింది.

అప్పుడు ఫోను ఇంకో వాక్యం పలికింది. "ఒక షరతు. పంపించే ప్రతి రాయినీ ఈయనే స్వయంగా కొట్టవలెను. నేను ఫోనులో వినెదను."

ఆ ఎండాకాలమంతా రేకుల షెడ్డు కింద కూర్చుని, కొండలా పేర్చిన రాళ్లను ఒక్కొక్కటే కొట్టాను. మనకన్నా ముందే తెల్లవారే దేశం కాబట్టి, నేను పళ్లు తోముకోకముందే ఆవిడ ఫోనులో సిద్ధంగా ఉండేది. ఒక్క రాయి తప్పించినా "మరల" అనేది ఆ గొంతు. వెళ్లిపోయిన పనివాళ్లు తిరిగొచ్చి, నా చుట్టూ చేరి, టీ తాగుతూ వినోదం చూసేవారు. కణుపు వాచి నేరేడుపండంత అయింది. అన్నం కలపలేకపోతే మా ఆవిడ చెంచా చేతికిచ్చి, చైనా అల్లుడా తిను, అనేది.

కాబట్టి, నవ్వే పాఠకులారా, వినండి. ఇకపై ఏ దేశంలోనైనా, నాకన్నా వయసులో పెద్దదైన ఏ రాయినైనా చూస్తే, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని దూరం నుంచే నమస్కారం అనుకుంటాను. ఇది నా వేలి మీద ఒట్టు. ఆ వేలు ఇంకా వంగడం లేదు గనక, ప్రస్తుతానికి పక్క వేలి మీద వేస్తున్నాను.