గొంగళి తియ్యని చలికాలం

మీ ఇంటి కూలర్ తొట్టిలో నీళ్లు చివరిసారి ఎప్పుడు పారబోశారు? తేదీ అడగడం లేదు, నెల చెప్పినా చాలు. జవాబు దొరక్క కిటికీ వైపు చూస్తున్నారా? నేనూ ఒకప్పుడు అలాగే చూశాను. అప్పటికి నేను బెల్లంపల్లిలో పేరుమోసిన హేతువాదిని.

నా హేతువాదం ఖానాపూర్‌లో మా ఇంటి మట్టిగోడ దగ్గర పుట్టింది. అరవై తొమ్మిదిలో, తెలంగాణ ఉద్యమానికి బడులు బంద్ అయి ఇంట్లో కూర్చున్న యేడు, మలేరియా వాళ్లు వచ్చి గోడలకు మందు కొట్టి పోయారు. వాళ్లు వాకిలి దాటారో లేదో, అవ్వ, అంటే మా అమ్మ, పేడ, ఎర్రమట్టి కలిపి ఆ తెల్లటి మరకలన్నీ కనబడకుండా అలికేసింది.

“మందు మీద మట్టి పూస్తె దోమలెట్ల సస్తయే?” అన్నాను.

“సావకుంటె సావకపాయె. నలుగురొచ్చే ఇల్లు. గోడలకు బొల్లి పట్టినట్టుంటె మంచిగుంటదా?” అంది అవ్వ.

ఈ ముచ్చటను ఇరవై యేళ్లు సభల్లో చెప్పుకుని బతికాను. చెప్పిన ప్రతిచోటా జనం నవ్వారు. అవ్వ అజ్ఞానం నాకు అంత అక్కరకొచ్చింది. ఆ నవ్వుల్లో ఆమెకు రావలసిన వాటా మాత్రం ఎప్పుడూ ఇవ్వలేదు.

తర్వాత బెల్లంపల్లిలో బొగ్గు గని ఆఫీసులో గుమాస్తా కొలువు దొరికింది. క్వార్టర్ ఇచ్చారు, అవ్వ కూడా మాతోనే వచ్చింది. మా ఊరి బొగ్గుతో దేశమంతా దీపాలు వెలిగేవి, పొగ, వేడి మాత్రం ఎవరూ పట్టుకుపోలేదు, మాకే వదిలేశారు. ఆ వేడికి విరుగుడుగా ఇంటింటికీ రేకు కూలర్ వచ్చింది. గడ్డి తడికలు, అడుగున తొట్టి, లోపల గుర్రుమనే ఫ్యాను. మొదట్లో మృగశిర చినుకు పడగానే దాన్ని ఆపేవాళ్లం. కొన్నేళ్లకు దసరా దాకా నడిచింది. నేను చెప్పబోయే యేడు, తొంభైల మొదట్లో, దీపావళి దాటాక ఆపాను. ఆపి, నీళ్లు అలాగే ఉంచి, పైన గోనెసంచి కప్పాను. నల్లా రోజు విడిచి రోజు వచ్చే ఊళ్లో నింపిన తొట్టిని పారబోయడం తెలివితక్కువ పని అని నా తర్కం. ఉక్కగా ఉన్న మధ్యాహ్నాలు సంచి తీసి నాలుగు చెంబులు పోసి మళ్లీ తిప్పేవాణ్ణి కూడా.

పుష్యమాసం వచ్చింది. ఆదిలాబాద్ జిల్లా పుష్యమాసమంటే తెలుసు కదా, పొద్దున పళ్లు తోముకోవడానికి కూడా ధైర్యం కావాలి. అలాంటిది ఆ యేడు జనం చొక్కాలతో తిరుగుతున్నారు.

“గీ యేడు చలి రాలే కొడుకా,” అంది అవ్వ.

“ముసలోళ్లందరు గిట్లనే అంటరు. మా కాలంల గంత చలి, మా కాలంల గంత వాన! రుజువు కావాలె అవ్వా, రుజువు.”

“గొంగళి పెట్టెలనే ఉన్నది. ఇంకేం రుజువు గావాలె? దోమలు గూడ పోలే. జర గా కూలర్ల చూడరాదు?”

పెట్టెలో మడత విప్పని గొంగళిని సాక్ష్యంగా ఏ శాస్త్రం ఒప్పుకుంటుంది? నవ్వి ఊరుకున్నాను.

ఆ ఆదివారమే కార్మికుల క్లబ్బులో నా ఉపన్యాసం. పోచమ్మకు కోడిని కోస్తే జ్వరం తగ్గుతుందా అని గంటసేపు గర్జించాను. అవ్వనూ, అలికిన గోడనూ యథాప్రకారం వాడుకున్నాను. చివర్లో ఒక గని కార్మికుడు లేచాడు.

“సార్, జ్వరం దోమతోని వస్తదని మీరే అంటిరి. మా పిలగానికి నిన్నటిసంది వణుకుజ్వరం. చలికాలంల గూడ దోమ కుడితె వస్తదా?”

“దోమ దసరా సెలవులకు పోయింది తమ్మీ. మళ్ల వానలకే వస్తది!” అన్నాను.

హాలంతా చప్పట్లు. అతను తల వంచుకుని కూర్చున్నాడు. అతను అడిగింది ప్రశ్న. నేను చదివింది మంత్రం. చప్పట్లు ఎప్పుడూ మంత్రానికే పడతాయి.

ఇంటికి పోయేసరికి రెండో తరగతి చదివే నా బిడ్డ దుప్పట్లో వణుకుతోంది. పడిశం అని తేల్చేశాను. నా భార్య దవాఖానకు పోదామంది.

“పుష్యమాసపు జ్వరం. మూడు రోజులల్ల అదే పోతది,” అన్నాను.

“నెలను జూసి రోగం జెప్తున్నవ్. పంచాంగం జూసే అయ్యగారికి నీకు తేడా ఏంది?” అంది.

ఇంత అవమానం నాకు ఏ పూజారి చేతిలోనూ జరగలేదు. అలిగి ఇంకో రెండు రోజులు ఊరుకున్నాను. నాలుగో రోజు పొద్దున పిల్లకు ఫిట్స్ వచ్చాయి. పిలిస్తే కళ్లు తెరవలేదు.

దవాఖానలో వేలు పొడిచి, గాజు పలక మీద రక్తం చుక్క తీసి చూశారు. మలేరియా, మెదడుకెక్కింది.

“చలికాలం గదా డాక్టర్ సాబ్,” అన్నాను.

“చలికాలమని మీరనుకున్నరు. దోమ అనుకోలే,” అన్నాడాయన. దోమ కడుపులో క్రిమి ఎదగడానికి కొన్నాళ్లు వెచ్చదనం కావాలట. గట్టి చలి పడితే క్రిమి ఎదగకముందే దోమ చస్తుంది. చలి తగ్గితే దోమా బతుకుతుంది, క్రిమీ ఎదుగుతుంది, ఇన్నాళ్లూ మనకు సెలవనుకున్న నెలల్లోనూ కుడుతుంది. ఇంత చిన్న సంగతి. సభల్లో నా నోట ఒక్కసారైనా రాలేదు.

బట్టల కోసం ఇంటికి పోతే కూలర్ మీది గోనెసంచి వాకిట్లో పడి ఉంది. అవ్వ చెంబు నా చేతిలో పెట్టింది. అందులో నీళ్ల పైపొరకు అంటుకుని నూలుపోగుల్లాంటి దోమ పురుగులు.

“మందు మీద మట్టి పూసిన్న, ఒప్పుకుంట,” అంది. “నువ్వేం పూసినవ్ కొడుకా?”

కిటికీ వైపు చూశాను. సభలో కాదు కాబట్టి తప్పించుకోవడానికి జోకు కూడా లేదు.

బిడ్డ బతికింది. ఎడమ చెవి మాత్రం పోయింది. నా ఉపన్యాసాలు ఆమెకు సగమే వినబడతాయి, ఆ మేరకు అదృష్టవంతురాలు అంటారు స్నేహితులు. నేనూ వాళ్లతో నవ్వుతాను.

ఆ కార్మికుణ్ణి వెతుక్కుంటూ పోయాను. నా మాట నమ్మి పిల్లవాణ్ణి ఇంట్లోనే ఉంచుకున్నాడేమోనని దారిలో ఎక్కడా ఆగలేదు. పిల్లవాడు వాకిట్లో గోలీలు ఆడుతున్నాడు. తండ్రి మర్నాడే దవాఖానకు తీసుకుపోయాడట. “మీరు పెద్దోళ్లు సార్, గానీ పిలగాని ఒళ్లు కాలవట్టె,” అన్నాడు సిగ్గుపడుతూ. ఆ వారం మా ఊళ్లో హేతువాది ఎవరైనా ఉంటే అతనొక్కడే.

ఒక్క యేడు చలి రాకపోతే భూగోళమంతా వేడెక్కిందని తీర్మానించను. కానీ తర్వాత కూడా ఎన్నో యేళ్లు అవ్వ గొంగళి పెట్టెలోనే ఉండిపోయింది. మలేరియా మందు కొట్టేవాళ్లు మాత్రం పాత క్యాలెండర్ ప్రకారమే వచ్చి పోతున్నారు. మనమూ దాన్నే నమ్ముకుని దుప్పటి కప్పుకుంటున్నాం.

చదివింది చాలు. ఈ పుస్తకం ఇక్కడే బోర్లించి లేవండి. తొట్టి వంచండి, అడుగు గీకి ఎండలో పెట్టండి. ఇంట్లో ఎవరికైనా జ్వరముంటే నెల అడక్కండి, ఈ పొద్దే రక్తం చూపించండి.