ఓదెలు తెచ్చిన నశ్యం డబ్బా

1971. గోదావరిఖనిలో బొగ్గుబాయి కార్మికులు వచ్చే ఒక చిన్న దవాఖానలో నేను ల్యాబ్ టెక్నీషియన్ని. మనిషి గడప దాటకముందే అతని కడుపులో ఏ పురుగుందో చెప్పేసేవాణ్ని. నమ్మకండి. డాక్టరుగారి చీటీ ముందే చదివేవాణ్ని, అంతే.

ఆ ఎండాకాలం బాయిలో దిగేవాళ్లందరికీ స్టూల్ టెస్టు పెట్టారు. అంటే మలాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి పురుగులూ గుడ్లూ వెతకడం. ముఖ్యంగా వెతికేది హుక్‌వార్మ్, కొంకిపురుగు. తడిమట్టిలోంచి వట్టికాళ్లలోకి దూరి, పేగును పట్టుకుని నెత్తురు తాగుతుంది. అది దొరికితే ‘అన్‌ఫిట్’ రాసి నౌకరి తీసేస్తరని పుకారు లేచింది. ఎవరు లేపారో తెలియదు. కాదని చెప్పినవాడూ లేడు.

ఓదెలు ఫిల్లరు, అంటే బాయిలో పట్టాల మీద నడిచే టబ్బుల్లో బొగ్గు నింపే మనిషి. ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది. నమూనా తెచ్చిన నశ్యం డబ్బా కిటికీలో పెడితే, “ఏందన్నా, నశ్యమా?” అని ఎగతాళి చేశాను. డబ్బా ఇటు తోశాడు.

డబ్బా ఇంకా వెచ్చగానే ఉంది. జిగట, నెత్తురు. స్లైడు మీద అమీబాలు పాకుతున్నాయి, వాటి కడుపులో నెత్తురు కణాలు. కొంకిపురుగు గుడ్డు ఒక్కటీ లేదు. మనిషి పాలిపోవడానికి కారణం దొరికిందనుకున్నారు డాక్టరుగారు. వెంటనే మంచం ఇచ్చి ఎమెటిన్ సూది మొదలుపెట్టారు. అమీబాను చంపే మందే, కానీ గుండెను కుంగదీస్తుంది. ఓదెలు నోరు మెదపకుండా వేయించుకున్నాడు.

మర్నాడు నేను వార్డుకు పోయి, అతని కడుపులో ఏమేం చూశానో గొప్పగా చెప్పుకుంటూ కూర్చున్నాను. అంతా విని అడిగాడు:

“సారూ, గదే చిన్నపిల్లకుంటే ఏమైతది?”

ఆ ఒక్క మాటతో గుట్టు పట్టేశానని ఇన్నేళ్లూ చాయ్ హోటళ్లలో చెప్పుకున్నాను. పట్టింది లేదు. “మందు పడకుంటే పిల్ల ఆగదన్నా” అన్నాను, రైలు టైము చెప్పినట్టు.

ఓదెలు మంచం దిగాడు.

“గా డబ్బా నాది కాదు సారూ. నా బిడ్డ సారక్కది. ఆరేండ్ల పిల్ల, బాయి మొఖం చూడలే, దానికి పురుగెక్కడిదనుకున్న. జిగట విరేచనాలైతే ఒంట్ల వేడి చేసిందనుకున్నం. నాకు అన్‌ఫిట్ రాసుకోండ్రి. దానికి జల్ది మందియ్యిండ్రి.”

జీపులో పిల్లను తెచ్చాం. అప్పటికే కడుపు పలకలా బిగిసింది. పేగుకు చిల్లు పడిందన్నారు డాక్టరుగారు. కరీంనగర్ పెద్ద దవాఖానకు బండి కదలకముందే పిల్ల ప్రాణం పోయింది.

దినాలయ్యాక ఓదెలు తన నమూనా తనే తెచ్చాడు. స్లైడు నిండా కొంకిపురుగు గుడ్లే. పురుగుల మందు మింగించి, నెత్తురు పట్టే మాత్రలిచ్చి, కొన్నాళ్లకు మళ్లీ డ్యూటీకి పంపారు. అన్‌ఫిట్ అన్న మాట ఎవరి నోటా రాలేదు. ఫిట్ అని రాసిన కాగితం చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూశాడు.

“గింతేనా సారూ?” అన్నాడు.

మైక్రోస్కోపు ఏ పురుగో చెబుతుంది, ఎవరిదో చెప్పదు. అది మనమే అడగాలి, అడిగే ముందు భయం తీయాలి. ఆ తర్వాత కిటికీలో డబ్బా పెట్టిన ప్రతివాడితోనూ అన్నాను: “నౌకరి పోదన్నా. ఇప్పుడు చెప్పు, ఇది ఎవరిది?”

వందమందైనా తలదించుకుని, తమది కాని డబ్బా వెనక్కి తీసుకుపోయి ఉంటారు.

వంద కాదు. ముగ్గురు.